ఫెజ్‌లో తోలు తొట్ల దగ్గర

మా అమ్మాయి మేఘన హైస్కూల్లో సిరామిక్స్ క్లాసు తీసుకుని, మట్టి తప్ప మరో మాట మాట్లాడని ఏడాది అది. రెండువేల పన్నెండు మార్చి. షామ్‌బర్గ్‌లో మా పార్కింగ్ లాట్ పక్కన మంచు కుప్పలు ఇంకా కరగలేదు. స్ప్రింగ్ బ్రేక్‌కి ఫ్లోరిడా పోదామంటే మూతి ముడిచింది.

"మొరాకోలో టైల్స్ హ్యాండ్‌తో కట్ చేస్తారు నాన్నా. అది చూడాలి నాకు" అంది.

మా ఆవిడకి సెలవు దొరకలేదు. చేతిపనుల వాడలు తిప్పి చూపించే గైడెడ్ టూర్ ఒకటి వెతికి మా ఇద్దరికీ బుక్ చేశాను. శుక్రవారం మధ్యాహ్నం ఓహేర్ ఎయిర్‌పోర్టులో ఎక్కి, న్యూయార్క్‌లో మారి, శనివారం పొద్దున ఎనిమిదింటికి కాసబ్లాంకాలో దిగాం. వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్టులోనే కొంచెం డబ్బు దిర్హాముల్లోకి మార్చుకోండి. బజార్లో చాలాచోట్ల కార్డు చూపిస్తే నవ్వుతారు.

టూర్‌లో మొత్తం పదకొండు మందిమి. మేము కాక తెలుగువారు ఒక్కరే, శాంటా క్లారాలో ఉద్యోగం చేసి రిటైరైన పద్మజ గారు. ఇమిగ్రేషన్ లైన్లోనే మొదలుపెట్టారు.

"అన్నయ్య గారూ, మీదే ఊరు? ఇంటిపేరేమిటి? నాన్నగారేం చేసేవారు?"

ఈ మూడు ప్రశ్నల వెనక అసలు ప్రశ్న ఏమిటో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా తయారుగా ఉన్న జవాబే ఇచ్చాను. ప్రకాశం జిల్లా అని, నాన్నకి చెప్పుల షాపు ఉండేదని. మేఘనకీ అదే చెప్పి పెంచాను. షాపూ లేదు, పాడూ లేదు. మేము మాదిగలం. మా నాన్న ఊరి చివర లందలో తోళ్ళు పదును చేసేవాడు. లంద అంటే తోళ్ళు నానేసే గుంట. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే పాట్‌లక్కు విందుల్లో మా పక్కన కూర్చునేవాళ్ళు ఎలా చూస్తారో అన్న భయం నాది. మేఘన ఎలా చూస్తుందో అన్నది అంతకంటే పెద్ద భయం.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర రైలుకి ఫెజ్ అనే పాత నగరానికి బయల్దేరాం. నాలుగు గంటల ప్రయాణం. పెట్టెలో మా ఎదుట కూర్చున్న స్కూలు టీచరమ్మ నారింజ ఒలిచి అందరికీ తలో తొన పెట్టింది. "ఫెజ్‌లో మ్యాప్ చూడకండి, మనిషిని అడగండి" అని సలహా ఇచ్చింది. బంగారం లాంటి సలహా. మా బస పాతకాలపు మండువా ఇల్లు, మధ్యలో నీళ్ళ తొట్టి, చుట్టూ గదులు. రాత్రి భోజనానికి కుంపటి మీద ఉడికిన మాంసం, ఎండు రేగు లాంటి పళ్ళు. కారం లేదు. నా నాలిక ఏడ్చింది.

సోమవారం తొమ్మిదింటికి గైడ్ ద్రిస్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడుగు అంగీ, చేతిలో కర్ర. పాత ఊళ్ళో కార్లు లేవు, కంచర గాడిదలే. వెనకనుంచి "బాలక్", అంటే తప్పుకోమని, కేక వినిపిస్తే గోడకి అతుక్కుపోవాలి. మేఘన అతుక్కుంది. నేను చూసేలోపు గ్యాస్ సిలిండర్ల గాడిద నా భుజం రాసుకుపోయింది.

పదిన్నరకి పలకల వాడ, మేఘన చెప్పిన ఆ టైల్స్ చేసే చోటు. ఏం చెప్పను, నోరెళ్ళబెట్టి నిలబడిపోయాను. మనుషులు నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బరువైన పదును సుత్తితో రంగు పలకల్ని గోరంత ముక్కలుగా చెక్కుతున్నారు. ఒక పెద్దాయన ఆ ముక్కల్ని నేలమీద పేరుస్తున్నాడు. అన్నీ బోర్లా. రంగు వైపు కిందికి, మట్టి వైపు పైకి. వందల ముక్కలు, అన్నీ ఒకే మట్టి రంగు.

"రంగు కనపడదు కదా, ఎలా తెలుస్తుంది?" అని మేఘన అడిగింది.

"ఆకారాన్ని బట్టి రంగు గుర్తుపెట్టుకుంటాడు. పైన సిమెంటు పోసి ఆరాక తిప్పుతారు. అప్పటిదాకా పువ్వు ఆయన తలలోనే ఉంటుంది" అన్నాడు ద్రిస్.

ఆరిన పలక ఒకటి తిప్పి చూపించారు. నీలం, ఆకుపచ్చ, తెలుపు, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేని నక్షత్రం. మా అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ అంతే. కంప్యూటర్ ముందు కూర్చుని చిన్న బటన్ తప్పు దిద్దడానికి మూడుసార్లు మీటింగ్ పెట్టే మనిషిని నేను.

మూడింటికి తోలు తొట్లు. ఒక అంగడి మేడ మెట్లెక్కేముందు ముక్కు దగ్గర పెట్టుకోమని తలా ఒక పుదీనా కొమ్మ ఇచ్చారు. పైకి వెళ్ళి కిందికి చూస్తే, రంగుల పెట్టె మూత తీసినట్టు వందలాది గుండ్రటి గుంటలు. సున్నపు తెలుపు, ఎరుపు, ఇటుక రంగు. నడుములోతు దిగి కాళ్ళతో తోళ్ళు తొక్కుతున్న మనుషులు. గుంటల అంచుల మీద తాడు మీద నడిచినంత ఒడుపుగా దాటుతున్నారు. ఇంత అందమైన పని నేను జన్మలో చూడలేదనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. ఎందుకు చూడలేదు, మా లందలో?

"సున్నంలో ఎన్ని రోజులుంచుతారు?" ఎవరో అడిగారు. ద్రిస్ తడుముకుంటుంటే నా నోరు ఊరుకోలేదు. "చలికాలమైతే ఎక్కువ రోజులు. గోటితో గీస్తే వెంట్రుక ఊడాలి" అన్నాను ఇంగ్లీషులో. అని నాలిక్కరుచుకున్నాను.

పద్మజ గారు పుదీనా కొమ్మ చాటునుంచి నవ్వారు. "మీకివన్నీ ఎందుకండీ. ఈ కంపులో బతికేవాళ్ళని చూస్తే జాలేస్తుంది" అన్నారు.

ద్రిస్ మాత్రం నన్నూ మేఘననీ కిందికి తీసుకెళ్ళాడు. తెల్ల గడ్డం మనిషి ఒకాయన గుంటలోంచి పైకొచ్చి, చెయ్యి తుడుచుకుని, గుండె మీద పెట్టుకుని పేరు చెప్పాడు. ద్రిస్ తర్జుమా చేశాడు. "ఈయన ఇంటిపేరు దబ్బాగ్. అంటే తోళ్ళు పదును చేసేవాడని. తాతల నాటి పేరు. ఫెజ్‌లో గౌరవమైన పేరు."

ఇంటిపేరే తోలుపని. దాన్ని గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకున్నాడా పెద్దమనిషి. ఆయన చేతిలో తోలు తీసుకుని, అంచు మడిచి, బొటనవేలితో నొక్కి చూశాను. ఆయన నా వేలి వంక చూసి, ద్రిస్‌తో ఏదో అని, నా భుజం తట్టాడు.

"ఈ చెయ్యి తోలు ఎరుగును అంటున్నాడు" అన్నాడు ద్రిస్.

"హౌ డు యూ నో దిస్, నాన్నా?" అంది మేఘన.

అక్కడే, ఆ గుంటల మధ్యే చెప్పాను. తాతయ్యకి షాపు లేదని, తోలును సంచిలా కుట్టి, తంగేడు చెక్క నీళ్ళు పోసి వేలాడదీసేవాడని. మా కులం పేరు చెప్పాను. ఊళ్ళో మా నీడ కూడా దూరంగా ఉండాలనేవాళ్ళని చెప్పాను.

"మరి షాప్ అని ఎందుకు చెప్పారు నాకు?" అంది. చేతిలో తోలు ఆ పెద్దాయనకి తిరిగిచ్చేశాను. ఆ రాత్రి భోజనం దగ్గరా, మర్నాడు ఇత్తడి వాడలోనూ నాతో మాట్లాడలేదు. వందమంది సుత్తులు ఒక్క తాళంలో మోగుతున్న ఆ వీధిలో నాకు పది అడుగులు ముందే నడిచింది.

గురువారం పదిన్నర రైలుకి తిరుగు ప్రయాణం. పద్మజ గారు మా ఎదురు సీట్లో కూర్చున్నారు.

"ఏం నచ్చింది తల్లీ అన్నిట్లోకీ?"

"ద టానరీ, ఆంటీ. మా తాతయ్య అదే వర్క్ చేశారు. నాకు తెలీదు ముందు."

పద్మజ గారు నా వంక చూశారు, పిల్ల పొరపాటు పడిందని నేను సర్దుతానేమోనని.

"నిజమేనండీ. మేము మాదిగలం" అన్నాను.

"ఓహో, అలాగా" అన్నారావిడ. కిటికీ వైపు తిరిగారు. బయట ఆలివ్ తోటలు పోతున్నాయి. నాకు భయం వేయలేదు. ఫెజ్‌లో చూసిన అద్భుతాలన్నీ చేతులు చేసినవే, ఆ చేతులున్న మనుషులెవరూ తల దించుకోలేదు. చూడాలనుకున్నవాళ్ళు తప్పక వెళ్ళండి, తీరిగ్గా చూడండి.

మేఘన నా పక్కకి జరిగింది. వచ్చినంత తెలుగులో మాట్లాడింది, నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ.

"తాతయ్య ఒక్కరే చేశారా? హెల్ప్ ఎవరు?"

ఇది మాత్రం ఆ గుంటల దగ్గర కూడా చెప్పలేదు నేను.

"నేనే. స్కూలు నుంచి రాగానే లందలోకి దిగేవాణ్ణి. టెన్త్ దాకా."

మేఘన నా కాళ్ళ వంక చూసింది.

"సున్నం బర్న్ అవుతుందా?"

"మండేది" అన్నాను. ఆ మాట ఒకరికి చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.