నాన్న వడ్డించిన పెళ్లి కాసెట్

మా చిన్నప్పుడు ఒక ఏడాదంతా మా ఇంట్లో టీవీ దుప్పటి కప్పుకునే కూర్చుంది...

మాది నరసరావుపేట పక్కన పల్లె. మిరప కల్లంలో కాయలు ఎత్తుతూ ఎత్తుతూ నాన్న ఉన్నచోటే కూలబడిపోయాడు. అందరూ చేరేసరికే లేడు. ఆ సాయంత్రమే మా బాబాయి టీవీ మీద పాత దుప్పటి కప్పేశాడు. మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకం అయ్యేదాకా టీవీ పెట్టకూడదు. మా ఊళ్లో అది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని కట్టుబాటు. నాకు తెలియక ఓసారి దుప్పటి ఎత్తబోతే అమ్మ కసిరింది.

"చావింట్లో పాటలేందే? వదిలెయ్!"

అలా కసిరిన అమ్మే ఆ టీవీ ఎప్పుడు పెడతారా అని ఏడాది పొడుగునా ఎదురుచూసింది. ఎందుకంటే మా దగ్గర బాబాయి పెళ్లి కాసెట్ ఉంది... అందులో నాన్న ఉన్నాడు.

నాన్నకి ఒక పిచ్చి ఉండేది. ఎవరి పెళ్లికెళ్లినా చుట్టంలా కుదురుగా కూర్చోలేడు. తుండుగుడ్డ నడుముకి బిగించి వడ్డనకి దిగేవాడు. బాబాయి పెళ్లిలోనూ అంతే... సాంబారు బకెట్ పట్టుకుని బంతి వెంట నడుస్తుంటాడు. వీడియో లైటు మొహాన పడగానే గరిటె అడ్డం పెట్టుకుని నవ్వుతాడు.

ఫోటోలు లేకపోలేదు. కానీ వాటిల్లో నాన్న కర్రలా బిగుసుకుని నిలబడ్డాడు. నడిచే నాన్న, నవ్వే నాన్న ఆ కాసెట్‌లో మాత్రమే ఉన్నాడు. ఉన్నది ఆ ఒక్క కాసెట్టే. వీడియో తీసినాయన తన దగ్గరున్న అసలు టేపు మీద ఇంకెవరిదో పెళ్లి ఎక్కించేసుకున్నాడు.

నాన్న పోయిన రోజు పొద్దున మొహం కడుక్కుని తుడుచుకున్న ఎర్ర గళ్ల తుండుగుడ్డ దండెం మీద ఇంకా పచ్చిగానే ఉంది. చుట్టాలు ఆయన బట్టలు మూటగట్టేలోపే అమ్మ దాన్ని లాగి దాచేసింది. ఉతికితే ఆయన వాసన పోతుందని ఉతకలేదు. కాసెట్‌ని ఆ గుడ్డలోనే పదిలంగా చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టింది.

సంవత్సరీకం అయింది. మర్నాడే బాబాయి పేట వెళ్లి కాసెట్లు వేసే డెక్కు అద్దెకి తెచ్చాడు. అమ్మ పొద్దున్నే తలకి పోసుకుని టీవీకి ఎదురుగా చాప మీద కూర్చుంది. బాబాయి దుప్పటి తీసి స్విచ్ వేశాడు.

శబ్దం వచ్చింది... బొమ్మ రాలేదు. నల్లటి తెర.

బాబాయి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. ఉన్న మరలన్నీ తిప్పాడు. మేడెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే, కిటికీలోంచి నేను "రాలా!" అని అరిచాను. చివరికి టీవీ నెత్తిన నాలుగు తగిలించాడు. ఆ రోజుల్లో అందరిళ్లల్లో జరిగిన వైద్యమే కదా... ఏదీ పనిచేయలేదు.

పక్క వీధిలో టీవీలు బాగుచేసే మస్తాన్ మామని పిలుచుకొచ్చారు. వెనక మూత విప్పితే లోపలంతా సాలెగూళ్లు, బల్లి గుడ్లు.

"ఏడాది నుంచి పెట్టలేదంటిరి కదక్కా... ఇట్టనే అవుద్ది. ఇయ్యి వాడుతుంటేనే బాగుంటయ్" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఏదో పీకాడు, ఏదో అతికించాడు. ఉన్నట్టుండి తెర వెలిగింది! వార్తలు చదివే ఆవిడ కనిపించగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

గబగబా లోపలికెళ్లి మూట తెచ్చింది. కాసెట్ బాబాయికిచ్చి, తుండుగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

సన్నాయి మేళం సాగదీసినట్టు ఒక్క క్షణం వినిపించింది... తెర నిండా చుక్కలు... ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ ఖాళీ తెర.

"మస్తానూ, టీవీ మళ్లీ పోయింది. చూడయ్యా" అంది అమ్మ.

"టీవీ బాగానే ఉందక్కా..." మస్తాన్ మామ కాసెట్ బయటికి తీసి, మూత ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. రీలు పొడుగునా తెల్లటి బూజు.

"ఇదేందక్కా... తడి తగిలిందా దీనికి? దేంట్లో పెట్టారు?"

అమ్మ ఒళ్లోని తుండుగుడ్డ వైపు చూసింది.

మస్తాన్ మామ దూదితో తుడిచాడు. పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పాడు. రీలు పుటుక్కున తెగింది. అతికించి మళ్లీ వేసి చూశాడు... నాన్న రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో బండ మీద ఆ తుండుగుడ్డకి సబ్బు పెట్టింది. ఉతికిందే ఉతుకుతోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పోనీలేవే... ఆయన వాసన ఎప్పుడో పోయింది. ఉత్త బూజు వాసనే వస్తంది" అంది.

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు ఆగదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఎవరూ చూడకపోయినా రోజూ కాసేపు టీవీ పెడుతుంది. నా ఫోన్లో పిల్లల వీడియోలకి కూడా బూజు పడుతుందేమోనని ఆవిడ భయం. "అప్పుడప్పుడూ తిప్పుతుండవే" అని గుర్తుచేస్తుంది. నవ్వొస్తుంది... కానీ కాదనలేక తిప్పుతూనే ఉంటాను. ఇప్పుడు మా పిల్లలు తుమ్మినా వీడియో ఉంది. మా నాన్న పది అడుగులు నడిచింది మాత్రం ఎక్కడా లేదు...

మీ ఇళ్లల్లో పాత పెళ్లి కాసెట్లుంటే దయచేసి ఒకసారి బయటికి తీయండి. పేట, సత్తెనపల్లి, నాదెండ్ల వైపు పెళ్లయితే భోజనాల దగ్గర కాస్త నిదానంగా చూడండి. నడుముకి ఎర్ర గళ్ల తుండుగుడ్డ బిగించి, సాంబారు బకెట్ పట్టుకుని, గరిటె అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి ఎవరైనా కనిపిస్తే... ఆయన మీ చుట్టం కాకపోతే... నాకొక్క మాట చెప్పండి.

అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది.