నేను రాసిన రెండు చీటీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎంతకీ తేలని విషయం ఏదైనా వస్తే దేవుడి మందిరంలో చీటీలు వేసేవారు. రెండు కాగితం ముక్కల మీద రెండు మాటలు రాసి, అంచులకి పసుపు పూసి, మడిచి, అమ్మవారి పటం ముందున్న రాగి పళ్ళెంలో పెట్టేవారు. మర్నాడు పొద్దున్నే దీపం వెలిగించాక, ఎవరి విషయమో వాళ్ళే తలస్నానం చేసి వచ్చి ఒకటి తియ్యాలి. రాసేది మాత్రం వాళ్ళు కాకూడదు. అది మా నాయనమ్మ పెట్టిన నియమం. బజారులో మా కిరాణా కొట్టు పాత వీధిలోనే ఉంచాలా, సెంటరుకి మార్చాలా అన్నది కూడా అలాగే తేల్చారట.

మాది పాలకొల్లు. మూడో ఏట జ్వరం వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. బడేమో కాలవ అవతల. అందుకని నా చదువంతా ఇంట్లోనే, మా అత్త దగ్గర సాగింది. అత్త అంటే నాన్న చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే మామయ్య పోవడంతో పుట్టింటికి వచ్చేసింది. ఆవిడ నన్ను చంకనెత్తుకుని వసారాలోకి తీసుకొచ్చి, గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టి పాఠం చెప్పేది. నాకు తెలిసిన ప్రతి అక్షరం ఆవిడ వేలు పట్టి దిద్దించిందే.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు అత్తకి సామర్లకోట నుంచి ఉత్తరం వచ్చింది. పల్లెల్లో ఆడవాళ్ళకి పిల్లల పెంపకం, ఆరోగ్యం గురించి చెప్పే ఉద్యోగానికి ట్రైనింగు. ఏడాదిపాటు హాస్టల్లో ఉండాలి. ఆ తరవాత ఏ ఊళ్ళో వేస్తే ఆ ఊరు వెళ్ళాలి. వస్తుందో రాదో సోమవారంలోగా జవాబు రాయాలి.

నాన్న నీ ఇష్టమన్నాడు. ఇక్కడ నీకు లోటేమీ లేదని కూడా అన్నాడు. ఆ రెండో మాటతో మొదటి మాట బరువు తగ్గిపోయింది. పక్కింటి మామ్మగారు ప్రహరీగోడ మీంచే అడిగేశారు. “ఏంటండీ, మీ ఇంట్లో తిండికి కరువొచ్చిందా? పడుచుపిల్లని ఊళ్ళమీదకి పంపుతున్నారట!”

“మా పిల్ల తిండికి వెళ్ళడం లేదులెండి, వదినగారూ. ఇంతకీ మీ పప్పు మాడుతున్నట్టుంది, చూసుకోండి,” అంది నాయనమ్మ.

అత్తని అడిగితే మాత్రం ఒకటే జవాబు. “ఏదైనా ఫర్వాలేదమ్మా.” ఐదు రోజులు అదే మాట. చివరికి నాయనమ్మ చీటీలు వేద్దామంది. ఆ పూట నాన్న కొట్టులో ఉన్నాడు, అమ్మ వంటింట్లో ఉంది. నాయనమ్మకి చదువు రాదు. అందుకని రాసే పని నా మీద పడింది. ఒకదాని మీద ‘వెళ్ళాలి’ అనీ, రెండోదాని మీద ‘వద్దు’ అనీ రాయమని చెప్పి, నా ఎదురుగానే కూర్చుని దీపాలకి వత్తులు చేసుకుంటోంది.

అత్త వెళ్ళిపోతే నన్ను వసారాలోకి ఎవరు తెస్తారు? ఎక్కాలు ఎవరు అప్పజెప్పించుకుంటారు? నా ప్రపంచమంతా ఆ మనిషే. నేను పెన్సిలు తీసుకుని మొదటి కాగితం మీద ‘వద్దు’ అని రాశాను. రెండోదాని మీద కూడా ‘వద్దు’ అనే రాశాను. నాయనమ్మ చీటీలు అందుకుని, పసుపు పూసి, పళ్ళెంలో పెట్టింది.

మర్నాడు అత్త తడిజుట్టుతో వచ్చి దణ్ణం పెట్టుకుని ఒక చీటీ తీసింది. విప్పింది. చదివింది. “మంచిదేలే. అమ్మవారే చెప్పింది,” అని నవ్వింది. నవ్వింది గానీ, ఆ ముఖం చూడలేకపోయాను. ఇంట్లో ఉంటున్నందుకు ఆవిడా నాలాగే సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ చీటీ మడిచి పళ్ళెంలో పెట్టేసింది. నీళ్ళు తోడాలంటూ పెరట్లో బావి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటికే తొట్టి నిండుగా ఉంది.

నాయనమ్మ రెండో చీటీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“చదవవే బుల్లీ. నాకు అక్షరం ముక్క రాదుగా.”

‘వెళ్ళాలి’ అని చెప్పేస్తే సరిపోయేది. కాదనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. కానీ అబద్ధం చెప్పలేకపోయాను. ఏడుపొచ్చేసింది. “దీన్లోనూ వద్దనే ఉంది నాయనమ్మా,” అన్నాను.

“తెలుసులే. నాకు చదవడం రాదు గానీ ముగ్గులు వేసే చెయ్యి కదటే నాది. రాసేటప్పుడు రెండుసార్లూ నీ చెయ్యి ఒకేలా తిరిగింది.”

మరి అప్పుడే ఎందుకు ఆపలేదని అడిగాను. ఆవిడ నా కళ్ళు తుడుస్తూ, “ఐదు రోజుల్నించీ ఏదైనా ఫర్వాలేదంటోంది మీ అత్త. వద్దని వస్తే దాని ముఖం ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా. నిజంగా ఫర్వాలేదనుకునేవాళ్ళ ముఖం అలా వాడిపోదే,” అంది.

అమ్మవారికి కోపం వస్తుందా అని భయంగా అడిగాను. “ఆవిడకి చదవడం వచ్చుగా. చూసి కూడా ఊరుకుందంటే నీ నోటితోనే చెప్పిద్దామని. వెళ్ళి చెప్పు,” అని నన్ను లేవదీసింది. ఎత్తుకోలేదు. గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ పెరట్లోకి నేనే వెళ్ళాను.

అత్త విన్నది. తరవాత, “ఓసి దొంగమొహమా, అమ్మవారి దగ్గరే దొంగచీటీలా!” అని పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నా పక్కన బావిచప్టా మీద కూర్చుని, ఉత్తరం వచ్చిన రోజునుంచే తనకి వెళ్ళాలని ఉందనీ, నా చదువు ఏమవుతుందోనన్న బెంగతో ఆ మాట తనకి తాను కూడా చెప్పుకోలేకపోయాననీ అంది. నాయనమ్మ వచ్చి, మళ్ళీ చీటీలు రాయించమంటావా అని అడిగితే, “ఇంక చీటీలెందుకమ్మా, కార్డు రాస్తాను,” అంది.

అత్త వెళ్ళిన రోజు నేను అన్నం తినలేదు. నిజం చెప్పగలిగాను గానీ, బాధ లేకుండా చెప్పలేదు. వారం తిరక్కుండా సామర్లకోట నుంచి ఇన్లాండ్ లెటరు వచ్చింది. దాన్నిండా లెక్కలు! చేసి పంపితే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేది. ఆ తరవాత ఆవిడ ఏ ఊళ్ళో పనిచేసినా అక్కణ్ణించి నా పాఠాలు వచ్చేవి. నేను ప్రైవేటుగా మెట్రిక్ కట్టి పాసయ్యేదాకా ఆ ఉత్తరాలు ఆగలేదు. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, నాకు అలాంటి గురువు దొరికింది.

పెద్దయ్యాక నాకూ తేలని విషయాలు చాలా వచ్చాయి. నా పెళ్ళి మాట, అమ్మకి ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న మాట, ఇంకా పైకి చెప్పుకోలేనివి కొన్ని. ప్రతిసారీ దీపం పెట్టి కూర్చుంటాను. దేవుణ్ణి ఏదీ అడగకముందే నన్ను నేను అడుగుతాను: ఈసారి రెండు మాటలూ నిజంగా రాశావా, లేక భయపడి రెండిటి మీదా ఒకటే రాశావా? చాలాసార్లు ఒకటే రాసుకుని ఉంటాను. అది చూసుకున్నాక మొదట కాస్త సిగ్గేస్తుంది. ఆ తరవాత ధైర్యం వస్తుంది. అప్పుడు గోడ పట్టుకుని లేచి, ఎవరికి చెప్పాలో వాళ్ళ దగ్గరికి నా కాళ్ళ మీద నేనే వెళ్తాను.