గ్రంథకర్త జీవానందం

హాజరు పట్టీలో తప్ప జీవానందం ఎక్కడా సంతకం పెట్టడు. అది వాళ్ళింటి ఆచారం. తండ్రి ఆదాము హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేస్తూ డెబ్భైనాలుగు సమ్మెలో ఏదో కాగితం మీద పేరు రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది. ఢిల్లీలో ప్రభుత్వం మారాక మళ్ళీ ఇచ్చారు గాని, ఈలోపు తాగిన గంజి రుచి ఆదాము మరిచిపోలేదు. పిల్లలకు బైబిలు వాక్యాలతో పాటు సొంత వాక్యం ఒకటి నేర్పాడు: "ఎక్కడా పేరు రాసియ్యకండిరా." జీవానందం ఈ వాక్యాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. మిగతా వాక్యాల సంగతి పాస్టరుగారికి తెలియాలి. తెలుగు చర్చికి కొత్త హార్మోనియం కావాలని క్వయిరు వాళ్ళంతా అర్జీ మీద సంతకాలు పెడుతుంటే, ఇతను పెన్ను మూత పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అతని ఉద్యోగం కలకత్తా భవానీపూర్‌లో. ఓడల్లో వచ్చిన సరుకును రేవునుంచి విడిపించే కంపెనీ అది. అక్కడి అరవై కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. చేరి రెండేళ్ళయినా ఇంకా టెంపరరీయే. ఏడాది చివర ఆదాము రిటైరైతే రైల్వే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఇల్లు అద్దెకు అడగబోతే హౌరాలో ప్రతి ఇంటాయనా మొదట అడిగేది "చాక్రీ పర్మనెంటేనా?" అని. అందుకని ఇంటిల్లిపాదీ పర్మనెంటు కాగితం కోసం ఎదురుచూస్తున్నారు.

ఆ ఏడు కంపెనీ కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేరు కొన్నది. అప్పటిదాకా ఎవరి మెషీను వాళ్ళ ఇష్టం. ఒకరి అక్షరాలు ఎర్రగా ఉంటాయి, ఇంకొకరి పేజీ ప్రింటరులో పట్టదు, మరొకరికి బటన్లన్నీ మాయమైపోయి నెల రోజులైనా చెప్పుకోలేదు. మేనేజరు లాహిరీగారు జీవానందాన్ని పిలిచి, "పోర్టుకు పోయే మన ఉత్తరాలు పది కంపెనీలు రాసినట్టున్నాయి. అన్ని మెషీన్లూ ఒక్క తీరుగా ఉండాలి. అది చేసి చూపించు, నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతాను" అన్నాడు.

పద్ధతి పెద్ద కష్టమైంది కాదు. ఒక మెషీన్లో సెట్టింగులన్నీ కుదిర్చి, వాటిని ఒక ఫైలుగా పట్టి, నెట్‌వర్కు మీద మిగతావాటికి పంపాలి. ఎవరూ పనిచెయ్యని కొత్త మెషీన్లో పట్టమని పుస్తకంలో ఉంది. జీవానందానికి అది నచ్చలేదు. రెండేళ్ళుగా అతను తన మెషీనును తీర్చిదిద్దుకున్నాడు, కొత్త సాఫ్ట్‌వేరూ మొదట అందులోనే ఎక్కించుకున్నాడు. మార్జిన్లు, అక్షరాల సైజు, బటన్ల వరస, కరెంటు పోయినా రాసింది పోకుండా దానంతటదే భద్రపరుచుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో గడ్డపెరుగుండగా తోడు కోసం పక్కింటికి ఎవరు పోతారు? తన మెషీను నుంచే పట్టాడు. శనివారం మధ్యాహ్నం ఆఫీసు ఖాళీ అయ్యాక అన్నిటికీ పంపాడు.

సోమవారం అరవై మెషీన్లూ ఒక్క తీరుగా తెరుచుకున్నాయి. లాహిరీగారు స్కేలు తెప్పించి మార్జిన్లు కొలిచి తల ఊపాడు.

జీవానందం ఒక్కటి మరిచిపోయాడు. మొట్టమొదట తెరిచిన రోజున ఆ సాఫ్ట్‌వేరు "మీ పేరు?" అని అడిగింది. అడిగింది పోలీసులు కాదు, యూనియను కాదు. మర్యాదగా చెప్పాడు. జీవితంలో అతను ఇష్టపడి పేరు రాసింది అక్కడే. తోడుతో పాటు ఆ పేరూ అన్ని కుండల్లోకీ వెళ్ళింది. ఆ రోజునుంచి ఆ ఆఫీసులో ఎవరు ఏ కొత్త కాగితం టైపు చేసినా, ఫైలు వివరాల్లో "రచయిత: జీవానందం" అని పడుతోంది. ప్రింటులో రాదు కాబట్టి ఎవరూ చూడలేదు.

రెండు నెలల తరవాత టైపు విభాగం ఎత్తేస్తారని పుకారు పుట్టింది. ఉద్యోగులందరి తరఫున, ఎవరి పేరూ లేకుండా, బొంబాయి హెడ్డాఫీసుకు ఇంగ్లీషులో ఘాటైన మహజరు వెళ్ళింది. టైపు చేసినవాళ్ళు ఫైలును అందరి ఫోల్డరులో మరిచిపోయారు. లాహిరీగారు ఎప్పుడో మూడు రోజులు కంప్యూటరు క్లాసుకు వెళ్ళాడు. అక్కడ నేర్చుకున్నదాంట్లో ఆయనకు గుర్తున్నది, ఫైలు వివరాలు ఎక్కడ చూడాలన్నదొక్కటే.

"'కార్మికుడి నెత్తురు తాగే జలగలు'. ఎవరయ్యా జలగలు? నేనేనా?" అని అడిగాడు జీవానందాన్ని నిలబెట్టి.

"నాకు తెలీదు సార్."

"రాసినవాడివి నీకు తెలియకపోతే ఎలా?" అని స్క్రీను ఇటు తిప్పాడు.

పేరు చూడగానే ఏం జరిగిందో జీవానందానికి అర్థమైంది.

"రేపు పదకొండింటికి రా. నీ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టాలో చెప్పు. చెప్పలేకపోతే ఇంకో కాగితం ఇస్తాను."

బయటికొచ్చేసరికి యూనియను కార్యదర్శి నృపేన్ ధర్ వరండాలో ఎదురయ్యాడు. ఆఫీసులో అందరికీ ఆయన నృపేన్‌దా, ఆయనకు జీవానందం జీబన్. మహజరు రాసింది ఆయనే.

"భయపడకు జీబన్, నీ మీద చెయ్యి పడితే ఘెరావ్ చేస్తాం" అన్నాడు, రసగుల్లా పెట్టిస్తానన్నంత ప్రేమగా.

"నాకోసం ఘెరావ్ వద్దు దాదా! రాసింది మీరని చెప్పండి, చాలు."

"చెబితే నాకు ఛార్జిషీటు ఇస్తాడు." నృపేన్‌దా గొంతు తగ్గించాడు. మొహంలో ఏదో బాధ. "అది కాదు గాని జీబన్, ఆ రెండో పేరా ఉంది చూడు. అలాంటి ఇంగ్లీషు నువ్వు రాశావంటే ఆ లాహిరీ ఎలా నమ్మాడయ్యా?"

ఆ సాయంత్రం ఇంటికి రాగానే భార్య లోయిస్ మొహం చూసి పట్టేసింది.

"ఏటండీ, అలగున్నారేటి?"

అంతా చెప్పాడు.

మంచం మీదనుంచి ఆదాము లేచి కూర్చున్నాడు. "పేరెట్టేసినావేట్రా?"

"నాను కాదు నానా, మెషీను పెట్టింది."

"తప్పు మీదే కదా, అదే సెప్పీండి మరి" అంది లోయిస్.

"సెబితే పని రానోడంటారు. సెప్పకపోతే సమ్మెలు సేయించేవోడంటారు. ఎటైనా కాగితం పోద్ది."

లోయిస్ చేటలో బియ్యం పక్కన పెట్టింది. "పని రానోడికి కలకత్తాలో ఉజ్జోగం పోయినట్టు ఎక్కడైనా ఇన్నారేటి?"

జీవానందం ఆలోచించాడు. అతనికి ఒక్కరూ గుర్తు రాలేదు.

మర్నాడు పదకొండింటికి లాహిరీగారి ముందు నిలబడి, "తప్పు నాదే సార్. కొత్త మెషీన్లో పట్టాల్సింది, నా మెషీన్లో పట్టాను. అందరి కాగితాల మీదా నా పేరే పడుతోంది" అన్నాడు.

"కథలు చెప్పకు."

"మీరు రాసింది ఏదైనా తెరవండి సార్."

లాహిరీగారు క్లబ్బు సంచిక కోసం ఇలిష్ చేప మీద, అంటే మన పులస మీద, ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాడు. ఏ నదిలో ఇలిష్ రుచి ఎలాంటిదో, ఆవపిండి ఏ పాళ్ళలో పడాలో అందులో ఉంది. తెరిచి వివరాలు చూశాడు. రచయిత: జీవానందం.

"ఈ ఫైలు ఎడిటరుకు పంపేశాను" అన్నాడు నీరసంగా. "క్లబ్బులో ఏమనుకుంటారు? మద్రాసీ చేత రాయించుకున్నానని కదూ? నువ్వు అసలు ఇలిష్ తిన్నావా?"

"ముళ్ళు ఎక్కువని తినను సార్."

లాహిరీగారికి ఆ మాట జలగలకంటే గట్టిగా తగిలింది. "జలగల సంగతి తరవాత చూద్దాం. ముందు నా ఇలిష్ మీదనుంచి నీ పేరు తియ్యి. సాయంత్రంలోగా ఎవరి మెషీన్లో వాళ్ళ పేరు పడాలి. అన్నీ అయ్యాకే నీ కాగితం మీద సంతకం."

జీవానందం హుషారుగా టైపు విభాగానికి వెళ్ళాడు. గుమ్మంలో నృపేన్‌దా అడ్డంగా నిలబడ్డాడు.

"చోల్బే నా! సాగనివ్వం! ప్రతి కాగితం వెనకా కార్మికుడి పేరా? ఇది నిఘా. మాకు జీబన్ పేరే బాగుంది."

"అవును, ఉండనీ, ఉండనీ" అన్నారు లోపల్నుంచి టైపిస్టులు. పర్మనెంటు కాని ఒక మనిషి పేరు అంతమందికి అంత సుఖంగా ఉంటుందని అంతకుముందు ఎవరికీ తోచలేదు.

జీవానందం ఆ గదికీ ఈ గదికీ తిరిగాడు. రెండు టీలు చల్లారిపోయాక అతనికే ఒక ఉపాయం తట్టింది. మనుషుల పేర్లు వద్దు, విభాగాల పేర్లు పెడదాం. టైపు విభాగమంతా ఒక పేరు, లెక్కల విభాగమంతా ఒక పేరు.

"నాకూ విభాగమేనా?" అన్నాడు లాహిరీగారు, ఇలిష్‌ను తలుచుకుని.

"మీ గదిలో మీరొక్కరే కదా సార్. అక్కడ మీ పేరే విభాగం."

ఆయన ఒప్పుకున్నాడు. మహజరు ఎవరు రాశారో తేల్చే దారి లేదు కాబట్టి విచారణ మానేస్తున్నామని కూడా కాగితం మీద పెట్టాడు. దాంతో నృపేన్‌దా గుమ్మం వదిలాడు. ఈసారి జీవానందం ఒక కొత్త మెషీనును అట్టపెట్టెలోంచి తీయించి, పుస్తకం ముందు పెట్టుకుని చేశాడు. సాయంత్రానికి అన్ని విభాగాల పేర్లూ పడ్డాయి. లాహిరీగారు తన మెషీను రెండుసార్లు చూసుకుని, పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు.

దాన్ని జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే నృపేన్‌దా వెనకనుంచి పిలిచాడు. అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చాడు.

"జీబన్, అందరి ఫోల్డరులో ఆ మహజరు ఇంకా నీ పేరుతోనే ఉంది. ఆ ఒక్కదానికీ నా పేరు పెట్టు. నృపేంద్రనాథ్ ధర్. వీలైతే పక్కన బి.ఏ. ఆనర్స్."

"విచారణ ఇప్పుడే కదా దాదా ఆగింది. ఆ ఫోల్డరు లాహిరీగారు రోజూ చూస్తారు."

"చూడాలనే కదయ్యా!" అన్నాడు నృపేన్‌దా.