చమురు దిగినా బిందె ధర దిగలేదు

చమురు ధర ఎక్కి పిరమైన రోజే ప్లాస్టిక్ బిందె పిరమైతది. చమురు ధర దిగి అగ్గువైతే మాత్రం బిందెకు ఆ ముచ్చటే తెలియదు. ఇది అన్యాయం. పడుచుదనం నుంచి చెబుతున్నాను, విన్నవాడు లేడు.

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో జంపఖానాలు నేసేవాణ్ణి. బడి ముఖం చూసింది తక్కువే గానీ, చాయ్ హోటల్‌లో పాత పేపర్లు అడిగి తెచ్చుకుని అక్షరం వదలకుండా చదివేవాణ్ణి. (అందుకే వాడలో నా పేరు 'పేపర్ సారు'. అందులో గౌరవమెంతో, ఎగతాళి ఎంతో నేను తూకం వేయలేదు.) అరబ్బు దేశాల్లో లొల్లి మొదలైన వారమే మా ఇంటి బిందె పగిలింది. బజారుకు పోతే సామాన్ల సేటు, ఎప్పటి నుంచో దుమ్ము పట్టి వేలాడుతున్న బిందెకే ధర పెంచి చెప్పాడు. "ప్లాస్టిక్ చమురుతోనే తయారైతది తమ్మీ. అక్కడ లొల్లయితాంది, నేనేం జెయ్యాలె?" అన్నాడు. "ఈ బిందె లొల్లికి ముందుదే గద సేటూ, దీనికెట్ల తెలిసింది?" అన్నాను. సేటు నవ్వి, "చమురు దిగినట్టు పేపర్ల పడితే పట్టుకరా, పాత ధరకే ఇస్త" అన్నాడు. అంతే, చమురు దిగేదాకా బిందె కొనేది లేదని శపథం పట్టాను.

శపథం నాది, మోత మా ఇంటామెది. వాడకు ఒక్కటే నల్లా. బిందె పెడితేనే లైనులో వంతు. ఆమె విరిగిన ప్లాస్టిక్ మగ్గు ముక్కను కాల్చి పగులుకు అతికించి, ఆ బిందెనే లైనులో పెట్టేది. ఇంటికి చేరేసరికి సగం నీళ్లు చీరకే సరిపోయేవి. "ఓ పేపర్ సారు పెండ్లామా, లైను బిందెలకు గని జల్లెడకు కాదు" అంటూ ఆడవాళ్లు దాన్ని పక్కకు జరపడం మొదలుపెట్టారు. ఒకరోజు వంతే పోయింది. "ఏమయ్యా, ఇయ్యాల వంటకు నీళ్లు లెవ్వు" అన్నది. "జర ఓపిక పట్టు, రేటు దిగుతాంది" అన్నాను, చమురు వార్త కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తూ. అలా గీసిన పేపర్లన్నీ రుజువు కోసం సజ్జ మీద పేర్చుతున్నాను మరి.

చివరికి చమురు దిగింది! హోటల్‌లో వార్త చదివి సేటు దగ్గరికి ఉరికాను. "ఒక్క పేపర్‌తోని నమ్మాల్నా? ఎక్కిన కాడినుంచి దిగిన దాక చూపియ్యి" అన్నాడు. నాకు కావాల్సిందీ అదే. ఇంటికొచ్చి చూస్తే సజ్జ ఖాళీ. మూలన మిలమిలలాడుతూ కొత్త ఆకుపచ్చ బిందె. వీధి చివర నుంచి "పాత పేపర్లకు, ఇనుప సామాన్లకు బిందెలూ..." అన్న కేక దూరమైపోతోంది. "నా రుజువులేవే?" అని అరిచాను. ఆమె కొత్త బిందె చంకనెత్తుకుని నల్లా కాడికి పోయింది.

మొన్న హనుమకొండలో బకెట్ బేరమాడితే దుకాణపాయన ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "చమురు పెరిగింది కాకా" అన్నాడు. మళ్లీ రక్తం ఉడికింది. ఇంటికొచ్చి ఎర్ర పెన్సిల్ వెతికాను. ఇప్పుడు గీత వంకరపోతోంది గానీ కోపం వంకరపోలేదు. పేపర్లు సజ్జ మీద పేర్చుతుంటే ఆనాటి ప్రశ్న గుర్తొచ్చి, "ఇంతకూ అప్పుడు నా రుజువులు ఎందుకిచ్చినవే?" అని అడిగాను. మా ఇంటామె కండ్లద్దాలు సవరించుకుని, కొత్త కట్ట ఎత్తు చూసి, ఇన్నేండ్లకు జవాబిచ్చింది:

"ఇంట్ల నీళ్లు లేకుండె, ఇచ్చిన. ఈసారి జర ఎక్కువనే జమచెయ్యి, మూతున్న డ్రమ్ము తీసుకుంట."