నేనిచ్చిన నల్ల కళ్ళద్దాలు

పోయిన వారం, శుక్లాల ఆపరేషన్ అయ్యాక, చలువ కళ్ళద్దాల కోసం కెనడాలోని కాల్గరీలో మా ఇంటికి దగ్గర్లోని కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి, ఏళ్ళ తరబడి వాడుతున్న నా నల్లజత తీసి, ఇవి చాలవా అని గర్వంగానే కౌంటర్ మీద పెట్టాను. అక్కడి అమ్మాయి వాటిని ఒక చిన్న మెషీన్‌లో పెట్టి చూసి, ఇవి ఉత్త నలుపే గానీ ఎండలో కంటికి చేటుచేసే యూవీ కిరణాలను ఆపడం లేదని, ఆ నలుపు వెనక కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయని, కొనేటప్పుడు రంగు కాదు, యూవీ 400 అన్న లేబుల్ చూడాలని నెమ్మదిగా చెప్పింది. వింటూండగానే సిగ్గుతో చచ్చిపోయాను, ఎందుకంటే సరిగ్గా అలాంటి జతే ఒకటి నేను ఇంకొకరి చేత పెట్టించాను.

మన పిల్లలు చదువుల కోసం విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో వరంగల్ వైపు అమ్మాయి ఒకతె అద్దెకుండేది. కాలేజీ సెలవుల్లో కొండల దగ్గర స్కీయింగ్ చేసేచోట కార్లు పార్క్ చేయించే పని దొరికితే, పొద్దంతా మంచు మీద నిలబడాలి కదా అని, లేబుల్ చదివి మరీ లేత గోధుమరంగు అద్దాలు కొనుక్కుంది. ఎవరేం కొన్నా వంక పెట్టనిదే నాకు తోచదు. ఇంత లేత అద్దాలకు ఎండేం ఆగుతుందని వెక్కిరించి, వాటిని దుకాణంలో వాపసిప్పించి, అందరికీ పంచుదామని హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న కాటుకనలుపు జతల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

రెండో రోజు సాయంత్రం ఆ పిల్ల కళ్ళు వాచి, ధారగా నీళ్ళు కారుతూ, కళ్ళలో కారం కొట్టినట్టుందని ఏడుస్తూ ఇల్లు చేరింది. నేను గడపలోంచే కళ్ళకలక అని తేల్చేసి, మా వాళ్ళకెక్కడ అంటుకుంటుందోనని ఆమె తువ్వాలూ కంచమూ వేరుపెట్టి, వంటింట్లోకి రావద్దన్నాను. మర్నాడు ఒక్కతే బస్సులో తడుముకుంటూ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చి, మంచు మీది ఎండకు కళ్ళు దెబ్బతిన్నాయట అని చెప్పింది గానీ, అద్దాల ఊసెత్తలేదు. కళ్ళు తెరవడానికి మూడు రోజులు పట్టింది, ఈలోగా పని కాస్తా పోయింది. బంగారంలాంటి అద్దాలిస్తే పెట్టుకుని ఉండదని నేను ఫోన్లో పదిమందికీ చెప్పాను కూడా.

దుకాణం నుంచి రాగానే, ఇప్పుడు హాలిఫాక్స్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఆమెకు ఫోన్ చేశాను. క్షమించమని అడగబోయి, దుకాణంలో మెషీన్ సంగతి చెప్పుకుపోయాను. సంగతి అర్థమయ్యాక, "డాక్టర్ అప్పుడే చెప్పిండు ఆంటీ. మీరు ప్రేమతో ఇచ్చిన్రు కదా, బాధపడ్తరని చెప్పలే" అంది.

ఇప్పుడు మా బేస్‌మెంట్ ఖాళీ. పిల్లల రాక తగ్గింది, వచ్చేవాళ్ళు కూడా మన మాట విని కొన్న వస్తువు వాపసివ్వరు, ఫోన్లో చూసుకుని మీరు చెప్పింది తప్పని మొహం మీదే అనేస్తారు. అదేం పొగరని విసుక్కునేదాన్ని. ఆ పిల్లకు అందులో కాస్తయినా ఉంటే ఎంత బాగుండేదో! నేను వేరుపెట్టిన ఆ కంచం ఇన్నేళ్ళూ మెట్లకింది అలమరలో విడిగానే ఉండిపోయింది, దాన్ని మళ్ళీ మా కంచాల్లో కలపాలని కూడా నాకు తోచలేదు. నిన్న దాన్ని తీసి కడిగి, అందులోనే అన్నం పెట్టుకుని కూర్చున్నాను.