దానియేలు గారు కొలిచిన లోతులు

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. దానికి పెద్ద జ్ఞానమేమీ కారణం కాదు. కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాణ్ణి. చేత్తో ఎత్తి చూడనిదే దేనికీ ధర కట్టొద్దని మా నాన్న నేర్పాడు. దెయ్యం చేతికి అందేది కాదు కనక దాని జోలికి పోలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను. ధర మీరే కట్టుకోండి.

తెల్లదొరల రోజుల్లో బందరులో నాది ఓడ సామాన్ల కొట్టు. పాత తాళ్లు, తెరచాపలు, ఇత్తడి దీపాలు, వాటితోపాటు పుస్తకాలు. తీరం వెంట ఎక్కడ ఏ మేట ఉందో చెప్పేవి, పోటుపాట్ల పట్టికలు, ఓడల చట్టాలు. చట్టాలు ప్లీడర్లు కొనేవాళ్లు. తక్కినవి పడవల యజమానులు కొని, చదవకుండా బల్లమీద పెట్టుకునేవాళ్లు. నేనూ చదవలేదు. లావు చూసి ధర చెప్పేవాణ్ణి.

బందరులో ఓడలు ఒడ్డుకి రాలేవు. దూరంగా లంగరు వేసుకుంటే సరుకు పడవల్లో చేరవెయ్యాలి. ఆ పడవలు కాలవ సముద్రంలో కలిసే మొగ దాటాలి. మొగలో ఇసక మేట ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. అందుకని రోజూ పొద్దున్నే అక్కడ లోతు కొలిచేవారు రేవు ఆఫీసు గుమాస్తా దానియేలు గారు. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి తాడుతో దింపేవారు. లోతు ఎన్ని బారలో తాడు చెబుతుంది. కొవ్వుకి అంటుకొచ్చింది చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది. ఆ రెండూ ఆఫీసులో ఉండే తీరం పుస్తకం అంచుల్లో తారీఖు వేసి పెన్సిలుతో రాసేవారు. ‘బారన్నర, ఇసక.’ ‘బార, గవ్వ నలుసు.’ పుస్తకం ఇంగ్లీషు, అంచులు తెలుగు.

ఒకరోజు వెంకటరత్నం పడవ మొగలో నేల తగిలి బద్దలైంది. ఐదుగురు కళాసులు పోయారు. ఆ రోజు మొగ దాటొద్దని తనకెవరూ చెప్పలేదన్నాడు పడవ యజమాని వెంకటరత్నం. చెప్పాననీ, చెప్పినట్టు రాసి పెట్టాననీ అన్నారు దానియేలు గారు. విచారణ వేశారు.

దానికి ముందురోజు మధ్యాహ్నం వెంకటరత్నం ఆ పుస్తకాన్ని ఆఫీసులోంచి కాజేసి, కండువాలో చుట్టుకుని నా కొట్టుకి వచ్చాడు.

“నీ పాత పుస్తకాల్లో దీన్నొకదాన్ని కలిపెయ్యి బావా.”

“తగలెయ్యకపోయావా?”

“తగలేస్తే బూడిదకి నేను జవాబు చెప్పాలి. నీ కొట్లో దొరికితే నువ్వు చెబుతావు.”

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే బేరమాడాను. ఆ ఏడాది అతని పడవల పాత తాళ్లూ తెరచాపలూ అన్నీ నాకే వచ్చేట్టు ఒప్పించాను. మంచి బేరం చేశానని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

పుస్తకం తెరిచి చూడలేదని చెప్పొచ్చు. చూశాను. ‘ముప్పాతిక బార, ఇసక. వెంకటరత్నం పడవ వద్దన్నాను. వినలేదు.’ చదివి, పెట్టెలో పెట్టి తాళం వేశాను.

విచారణలో పుస్తకం కనబడలేదు. దానియేలు గారి మాట అబద్ధమన్నారు. ఐదు ప్రాణాలు ఆయన మెడకి చుట్టి ఉద్యోగం తీసేశారు. వారం తరవాత ఆయన నా కొట్టుకి వచ్చారు. ఆయన కూర్చున్న పెట్టెలోనే పుస్తకం ఉంది.

“అలాంటి పుస్తకం మీ దగ్గరికేమైనా వచ్చిందా శెట్టిగారూ?”

“రాలేదండీ.”

ఆయన లేచి వెళ్లిపోయారు. మూడు నెలలు తిరక్కుండా మంచం పట్టి చనిపోయారు.

తరవాత ఓ ఉదయం కొట్టు తెరిస్తే సముద్రపు బురద వాసన. పెట్టె తీశాను. పుస్తకం అంచులో, నేను చదివిన ఆఖరి వరస కింద మరో వరస ఉంది. ‘బార, ఇసక.’ రాత ఆయనదే. తారీఖు ఆయన్ని సమాధి చేసిన తొమ్మిదో రోజుది.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. పుస్తకాన్ని దారంతో కట్టి, ముడిమీద లక్క పోసి నా ఉంగరం ముద్ర వేశాను. మర్నాడు ముద్ర చెక్కుచెదరలేదు. దారం కోసి చూస్తే ఇంకో వరస. ‘ముప్పాతిక బార, గవ్వ నలుసు.’ కాగితం తడిగా ఉంది.

రోజుకో వరస. గవ్వ పోయి బూడిద రంగు ఒండ్రు వచ్చింది. తరవాత నల్ల బంక. ఆ తరవాత ‘అర బార, నల్ల బంక, తూటికాడ.’ తూటికాడ సముద్రంలో మొలవదు, కాలవలో మొలుస్తుంది. కొలిచే మనిషి మొగ దాటి ఊళ్లోకి వస్తున్నాడు. తూటికాడ దట్టంగా ఉండేది వెంకటరత్నం ఇంటి వెనక కాలవ రేవులోనే.

వెళ్లి చెప్పాను. వెంకటరత్నం పకపకా నవ్వాడు.

“తాళ్లు చాల్లేదా బావా? ఇంకేం కావాలో సూటిగా అడుగు.”

నా మాట బేరం కాదని నమ్మించడం ఎలాగో నాకు తెలియలేదు. అంతకుముందెప్పుడూ ఆ అవసరం రాలేదు.

రెండోనాడు, ఎండ బాగా ఎక్కాక, అతను తన రేవు మెట్ల దగ్గర బోర్లా పడి చనిపోయి ఉన్నాడు. అక్కడ నీళ్లు మోకాలి దాకానే వస్తాయి. గుప్పిళ్ల నిండా నల్ల బంక. నేను పరుగున కొట్టుకి వచ్చి పుస్తకం తీశాను. ‘మోకాలి లోతు. చాలింది.’

నాలుగు రోజులు ఏమీ లేదు. అయిదో రోజు, ‘జానెడు, ఇటిక ముక్కలు, కొబ్బరి పీచు.’ పాత తాళ్లు దులిపి ఆ పీచు కాలవలోకి ఊడ్చేది నేనే. అది నా కొట్టు ముందరి మురుక్కాలవ.

పుస్తకం చంకన పెట్టుకుని రేవు ఆఫీసుకి పరిగెత్తాను. దాచింది నేనేనని ఒప్పుకున్నాను. ఆఫీసరు పడవ బద్దలైన రోజు వరస చదివాడు. దాని కింద వరసలూ చదివాడు.

“ఇవెవరు రాశారు?”

“ఆయనేనండీ.”

“చనిపోయాకా?”

నిజమే చెప్పాను. ఆఫీసరు కళ్లద్దాలు తీశాడు. “రాత ఒక్కటే, పెన్సిలు ఒక్కటే. ఇవి దొంగవైతే పైదీ దొంగదే. ఇది సాక్ష్యానికి పనికిరాదు” అని పుస్తకం నా చేతిలో పెట్టేశాడు. వెంకటరత్నం తెచ్చిన రోజే ఇచ్చి ఉంటే, కింద ఏ వరసా లేని పుస్తకం అందేది.

దాన్ని దానియేలు గారి భార్య కరుణమ్మ గారికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ వాకిట్లోనే నిలబడి మొదటినించీ చివరిదాకా చదివింది. నేను కాళ్లమీద పడ్డాను.

“ఆయన పేరు నిలబడకుండా చేశానమ్మా.”

“పేరే కావాలనుకుంటే ఆయన పైవరస దగ్గరే ఆగేవారు” అంది.

“దీన్ని ఆపడానికి ఏం చెయ్యమంటారో చెప్పండి. ఏదైనా ఇస్తాను.”

“ముప్పయ్యేళ్లు కాపరం చేశాను శెట్టిగారూ. ఆయనతో నేనెప్పుడూ బేరమాడలేదు.”

పుస్తకం తీసుకుని తలుపు వేసుకుంది.

ఆ వారంలోనే కొట్టు ఎత్తేసి గుడివాడ వచ్చేశాను. లక్క ముద్ర కింద పెన్సిలు రాత ఎలా పడిందో, మోకాలి లోతులో గజ ఈతగాడు ఎలా మునిగాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. కొలతలు ఆగాయో, ఈ కాలవల వెంట ఇటే వస్తున్నాయో, పుస్తకం దగ్గరున్న కరుణమ్మ గారికే తెలియాలి. అడగాలంటే బందరు వెళ్లాలి. ఇంతవరకూ వెళ్లలేదు.