ఫ్రిజ్ తలుపు మీది చీటీ

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని టైలరమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటించి రెండు నెలలైంది. రోజూ ఒక గుడ్డు, ఆకుకూర, పప్పు, ఒక పండు, గ్లాసెడు పాలు. గర్భసంచిలో గడ్డ ఉంది, రక్తం పది దాటితే గానీ ఆపరేషన్ చెయ్యనని ఆవిడ తెగేసి చెప్పింది. అప్పుడున్నది తొమ్మిది. నెలనెలా ఆ నాలుగు రోజులూ మిషను తొక్కుతుంటే టైలరమ్మకి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

చీటీలో ఉన్నవన్నీ ఆ ఇంట్లో తు.చ. తప్పకుండా వండుతున్నారు. వండేది టైలరమ్మే. తినేది మాత్రం మిగతా ముగ్గురూ. పరీక్షలున్నాయని కూతురికి గుడ్డు, మోకాళ్ల నొప్పులని అత్తగారికి పాలూ పండూ. ఆకుకూరంటే ఆమడ దూరం పారిపోయే మొగుడు కూడా ఇప్పుడు రెండోసారి వడ్డించుకుంటున్నాడు, మహానుభావుడు! టైలరమ్మ వంతు వచ్చేసరికి గిన్నె అడుగు కనిపిస్తుంది. మిగిలినదేదో నిలబడే రెండు ముద్దలు మింగి షాపుకి పరుగు.

అక్కడ ఇంకో తంటా. బల్ల మీద ఎప్పుడూ జనాల కొత్త బట్టలే. ఒకసారి తెల్ల గౌను మీద కూర మరక పడి నానా మాటలూ పడింది. అప్పట్నుంచీ మధ్యాహ్నం కాగితంలో చుట్టిన ఎండు బన్నే. చేతికి జిడ్డంటదు, ఒంటికి ఏమీ అంటదు.

ఈ వారం మళ్లీ రక్తపరీక్షకి వెళ్లింది. తోడు వెళ్లిన అత్తగారు పనిలో పనిగా తనూ చెయ్యి చాపింది. అత్తగారికి పన్నెండున్నర వచ్చింది. ఈ వయసులో ఇంత రక్తమా అని ల్యాబ్ అమ్మాయి మెచ్చుకుంటే, అంతా మా కోడలి చలవేనని ఆవిడ మనస్ఫూర్తిగా చెప్పింది. ఆ కోడలికి ఎనిమిదిన్నర. ఆపరేషన్ మళ్లీ వాయిదా పడింది.

"చీటీలో రాసినట్టే తింటున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"తింటున్నామండీ," అంది అత్తగారు.

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. అత్తగారి మీద కన్నా తన మీదే ఎక్కువ. తన కంచంలోంచి ఎవరూ లాక్కోలేదు. నాకూ కాస్త ఉంచండి అనడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు, అంతే.

మర్నాడు పొద్దున వంటయ్యాక ఎవరినీ పిలవలేదు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు కంచంలో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. మొగుడు ఖాళీ కంచంతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒంట్లో బాలేదా అని అడిగాడు.

"బాలేదు. అందుకే ముందు నేను తింటున్నా. మీరు కాసేపు ఆగండి."

ఆయన కంచం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. టైలరమ్మ తలెత్తలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక చుర్రుమంది. వేడివేడిగా తినే అలవాటు తప్పి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊదుకుంటూ రెండో ముద్ద కలుపుకుంది.